ఏథెన్సు నగరపు శిల్పవ్యయ శాసనములు

గ్రీకుదేశమునందలి ఏథెన్సు నగరమున అక్రోపొలిస్ అను కొండపై నిలిచిన దేవాలయములను గూర్చి వినని విద్యావంతుఁడు అరుదు. వానిని గట్టింపఁ బూనినవాఁడు పెరిక్లీసనియు, శిల్పులకు నాయకుఁడు ఫిడియాసనియు బాలుర చరిత్రపుస్తకములందును గలదు. కాని ఆ శిల్పములకు ద్రవ్యమెక్కడిది? అది యెవరి చేతులమీఁదుగా శిల్పికిఁ జేరెను? ఒక బొమ్మకు వెల యెంత? ఈ ప్రశ్నలకు సమాధానము చరిత్రకారుల గ్రంథములందుఁ గొంచెముగాను, ఆ నగరమువారు చెక్కించిన ఱాతిలెక్కలయందు విస్తారముగాను దొరకును. వేఱుగాఁ జెప్పనిచో నిందలి గ్రీకు సంవత్సరములు క్రీస్తునకుఁ బూర్వమువని గ్రహింపవలెను.

ముందు నాణెముల మానము. ఆఱు ఓబొలులు ఒక ద్రాక్మా. నూఱు ద్రాక్మాలు ఒక మీనా. అరువది మీనాలు ఒక టాలెంటు. టాలెంటనఁగా ఇంచుమించు 26 కిలోగ్రాముల వెండి.

పారసీకుల దండయాత్రలు మగిడిన పిమ్మట, 478లో, ఈజియను సముద్రతీరపు నగరములును ద్వీపములును ఏథెన్సు నాయకత్వమున నొక కూటమిగా నేర్పడి, యుద్ధవ్యయమునకై యేఁటేఁట కప్పము చెల్లింప నొడంబడెను. ఆ ధనము మొదట డీలాసు ద్వీపమున నుండెడిది. 454లో దానిని ఏథెన్సునకుఁ దెచ్చిరి. అప్పటినుండి ప్రతి నగరపు కప్పమునుండియు అరువదవ భాగము, అనఁగా టాలెంటున కొక మీనా, అథీనాదేవికి అగ్రభాగముగాఁ దీసి, ఏ నగరమునుండి యెంత వచ్చెనో ఱాతిపైఁ జెక్కించుచు వచ్చిరి. ముప్పదుగురు లెక్కగాండ్రు దానిని బరీక్షించెడివారు.

యుద్ధమునకై యిచ్చిన ధనముతో నగరము నలంకరించుట న్యాయమా యని ఆ నగరమునందే వివాదము పుట్టెను. మెలీసియాసు కుమారుఁడగు థుకిడిడీసు ప్రతిపక్షమునకు నాయకుఁడు. ఇతఁడు చరిత్రకారుఁడగు థుకిడిడీసు గాఁడు. జనులు వ్యయము మితిమీఱినదనఁగా, పెరిక్లీసు ‘అట్లయిన వ్యయమంతయు నాదే యగుఁగాక, శాసనమునఁ బేరును నాదే యుండుఁగాక’ యను భావమున బదులు పలికెననియు, అంతట జనులు ప్రజాధనమే వ్యయింపుమని కేకలు వేసిరనియు ప్లూటార్కు చెప్పును. ప్లూటార్కు పెరిక్లీసునకు ఐదువందల యేండ్లకుఁ దరువాతివాఁడు. ఈ కథ నక్షరాల నమ్మవలసిన పనిలేదు. ఐనను వివాదపు మర్మము దీనివలన దెలియును. ద్రవ్యమెవరిదో పేరు వారిది. థుకిడిడీసు 443 ప్రాంతమున బహిష్కృతుఁడయ్యెను, పని సాగెను.

పార్థెనాను కట్టడము 447లో నారంభమాయెను. దానికి ప్రజలు యేఁటేఁట నొక పర్యవేక్షకసంఘమును నియమించిరి. ఆ యధికారులకు ‘ఎపిస్తతై’ అని పేరు. ‘ఎపి’ యనునది సంస్కృతపు ‘అపి’తోను, ధాతువు ‘స్థా’తోను సజాతీయములు, అర్థమున ‘అధిష్ఠాతలు’ అని చెప్పినఁ జాలును. పదునైదేండ్ల లెక్కలు ఒకే పెద్ద ఱాతిపలకకు నాలుగువైపులఁ జెక్కఁబడినవి. నేఁడు శకలములుగా మిగిలినవి. ప్రతి సంవత్సరపు శీర్షికయందును ఆ యేఁటి సంఘపు లేఖకుని పేరుండును. పిదప నాదాయము: వెనుకటి సంఘము అప్పగించిన నిలువ, దేవీధనాగారాధికారు లిచ్చినది, కూటమి కోశాధికారు లిచ్చినది, చిల్లర రాఁబడి. దాని క్రింద వ్యయము, కడపట నిలువ.

434–433 లెక్క కొంత నిండుగా దొరకినది. దేవీధనాగారమునుండి 25,000 ద్రాక్మాలు వచ్చెను. మిగిలిన బంగారము 98 ద్రాక్మాల తూకముది అమ్మఁగా 1,372 ద్రాక్మాలు వచ్చెను. అనఁగా నాఁడు బంగారము వెండికిఁ బదునాలుగు రెట్లు. దంతపు ముక్కలనుగూడ నమ్మిరి. వ్యయమున పెంటెలికాను గనిలోఁ జలువఱాయి తీసి బండ్ల కెక్కించినవారి కూలియు, పెడిమెంటు శిల్పములు, అనఁగా ముంగలి వెనుకల త్రికోణములందలి విగ్రహములు, చెక్కినవారికి 16,392 ద్రాక్మాలును గలవు. వింతయైన దొకటి కలదు. కుజికస్ నగరపు బంగారు నాణెములు ఇరువదియేడును, ఆఱవవంతును ఒక సంఘమునుండి మఱియొక సంఘమునకు వ్యయము గాక చేతులు మాఱుచు వచ్చినవి. ఆ యాఱవవంతును సహితము ఏ లేఖకుఁడును విడువలేదు.

అధికారి పదవి విడుచునప్పుడు లెక్క యప్పగించి పరీక్షకు నిలువవలెను. ఆ పరీక్షకు గ్రీకు పేరు ‘యూథూనా’; వంకర తీర్చి తిన్నఁజేయుట యని యర్థము, ‘ఋజూకరణము’ అన్నచో సరిపోవును. ఇంత చక్కని పారిభాషికపదము తెలుగున ఆదాయవ్యయపరీక్షకు లేకుండుట లోపమే.

ఈ ఋజూకరణము ఉత్తమాటగాఁ బోలేదు. ఆలయమునందలి అథీనా విగ్రహము దంతముతోను బంగారముతోను ఫిడియాసు చేసినది, 438లోఁ బ్రతిష్ఠితమైనది. దానిపై నలువది టాలెంట్ల తూకముగల మేలిమి బంగారము కలదనియు, అదంతయు ఊడఁదీయ వీలుగా నమర్పఁబడినదనియు చరిత్రకారుఁడగు థుకిడిడీసు వ్రాసెను. ఫిడియాసు బంగారము దొంగిలెనని నేరము మోపఁగా, పెరిక్లీసు దానిని ఊడఁదీసి తూఁచుకొనుఁడనెనని ప్లూటార్కు చెప్పును. శిల్పి కడపటి గతినిగూర్చి ప్రాచీనుల మాటలు పొసఁగవు: చెఱలో మరణించెనని యొకరు, ఎలీసు దేశమునకుఁ బోయెనని మఱియొకరు. తూఁచుట కనుకూలించిన యేర్పాటే దోఁచుటకును అనుకూలించెను. మూఁడవ శతాబ్ది ముంగిట లఖారీసు అను నిరంకుశుఁడు ఆ బంగారమును ఒలిచికొనెను.

శిల్పుల పేర్లు, ఒక్కొక్క బొమ్మ వెల చదువవలెనన్న ఎరెక్తియాను ఆలయపు లెక్కలకుఁ బోవలెను. స్పార్టాతోడి యుద్ధమున ఈ యాలయము సగములో నిలిచిపోయెను. 413లో సిసిలీయందు నౌకాసైన్యము నశించెను. అట్టి దినములలోనే, 409లో, ప్రజలు తీర్మానము చేసి, ఎంత కట్టఁబడినది, ఎంత మిగిలినదని తెలిసికొనుట కొక సంఘమును నియమించిరి. వారు ఱాయి ఱాయికి కొలత చెప్పి, దేనికి నునుపు పెట్టలేదో, దేనికిఁ జాలులు తీర్పలేదో వ్రాసిరి. తలలపైఁ గప్పు మోయు ప్రసిద్ధస్త్రీమూర్తులను వారు ‘కొరై’, అనఁగాఁ ‘గన్యలు’ అని మాత్రమే పేర్కొనిరి. ‘కార్యతిడులు’ అను పేరు తరువాతివారిది.

మఱుసటి యేఁటి లెక్కలలో దినకూలి ఒక ద్రాక్మా. వాస్తుశిల్పియగు అర్ఖిలొఖొసునకును దినమునకు ఒక్క ద్రాక్మాయే. ఉపలేఖకునికి ఐదు ఓబొలులు. నల్లఱాతి పట్టెపై అతికించుటకుఁ జేసిన తెల్లచలువఱాతి బొమ్మలకు మాత్రము దినములతోఁ బనిలేదు, బొమ్మకు అరువది ద్రాక్మాలు. ప్రాక్సియాసు గుఱ్ఱమును, దాని వెనుకఁ గానవచ్చు మనుష్యుని చేసి 120 తీసికొనెను. అంటిఫానీసు రథము, యువకుఁడు, కట్టఁబడుచున్న గుఱ్ఱములు రెండు చేసి 240. ఇయాసొసు ఒక స్త్రీని, ఆమెపై వ్రాలిన బాలికను చేసి 80. బాలిక చిన్నది గాన నిండుబొమ్మ వెల కట్టలేదని తోఁచుచున్నది. మ్యున్నియోను గుఱ్ఱమును దానిని గొట్టు మనుష్యుని చేసి, పిదప నొక స్తంభమును జేర్చి 127 తీసికొనెను. ఆ యేడు ద్రాక్మాల పనికిని కారణము వ్రాయవలసివచ్చెను.

పౌరునికిఁ దన విభాగపు పేరును, పరదేశికి ‘ఫలానాచోట నివసించువాఁడు’ అనియు, దాసునికి యజమాని పేరును జేర్చి వ్రాసిరి. స్థితి తెలిసిన 86 మందిలో పౌరులు 24, పరదేశులు 42, దాసులు 20. యజమానియు నతని దాసులును ఒకే స్తంభమునకుఁ జాలులు తీర్చి ఇంచుమించు సమానమైన కూలి పొందిరి. దాసుని కూలి యజమానికే చేరెడిదని తలఁపవచ్చును. శాసనమున మాత్రము పని చేసినవాని పేరనే పద్దు పడినది.

ఆంధ్రదేశపు శాసనములు చదివినవారికి ఇచ్చట నొక భేదము తోఁచును. క్రీస్తుశకారంభకాలపు అమరావతీస్తూపమును వణిజులు, గృహస్థులు, భిక్షుణులు తలయొక పలకయో స్తంభమో యిచ్చి నిలిపిరి. విధికుఁడను చర్మకారుఁడు తల్లి, భార్య, సోదరులతోఁ గూడి పూర్ణకుంభపు పలక నిచ్చెను. ఆ చిన్న ప్రాకృతశాసనములు దాత పేరు, బంధువుల పేర్లు, ‘దానము’ అను మాట చెప్పును, వెల చెప్పవు. తన సొమ్మిచ్చినవాఁడు లెక్క యెవరికిఁ జెప్పవలెను? ఏథెన్సువారు వ్యయించినది తమ సొమ్మొక్కటే కాదు. అందుచేత వెలయుఁ జేసినవాని పేరును వ్రాయక తప్పినది కాదు. ఐనను ఆ లెక్క చెప్పఁబడినది ఏథెన్సు పౌరులకే. కప్పమిచ్చిన నగరముల పేర్లు వేఱొక ఱాతిమీఁదఁ గలవు గాని, ఏ బొమ్మకెంత యనుటలో వారి మాటకుఁ దావులేదు. పార్థెనాను లెక్కలను బ్రజాస్వామ్యమునకుఁ దార్కాణముగాఁ జూపువారు ఈ సంగతిని దాఁటిపోవుట తఱచు.

ఎరెక్తియాను లెక్కలలోఁ బ్రతులు వ్రాసికొనుటకుఁ గొనిన రెండు పపైరసు పత్రములకు రెండు ద్రాక్మాల నాలుగు ఓబొలులు పద్దు పడినది. ఒక్క పత్రము వెల ఱాతిపనివాని దినకూలికి మించినది. ఆ ప్రతులు దొరకలేదు. 409 నాఁటి నివేదికగల ఱాయి లండనునందలి బ్రిటిషు ప్రదర్శనశాల చేరినది. నల్లఱాతినుండి ఊడిపడిన తెల్లబొమ్మల శకలములు ఏథెన్సునందే అక్రోపొలిస్ ప్రదర్శనశాలయందున్నవి. వానిలోఁ బ్రాక్సియాసు గుఱ్ఱమేది, ఇయాసొసు చేసిన స్త్రీ యేది యని శాసనముతోఁ బోల్చుటకుఁ బండితులు ప్రయత్నించిరి. నిశ్చయ మింకను గలుగలేదు.