ఉప్పుగాలిలో తుపాకీకి ఏ నూనె?

అండమాన్‌లో వారం రోజులున్నా అక్కడి గాలి చేసే పని కంటపడుతుంది. తాళంకప్ప, సైకిలు గొలుసు, కిటికీ మేకులు... అన్నీ ఎర్రబడతాయి. సైనికుడి రైఫిల్ ఉండేదీ ఆ గాలిలోనే. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. తేమ ఏడాదిలో ఎక్కువ కాలం 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. త్రివిధ దళాలను ఒకే అధిపతి కిందకు తెచ్చిన అండమాన్ నికోబార్ కమాండ్ 2001లో ఏర్పడింది. ఉత్తరాన ఐఎన్ఎస్ కోహాసా నుంచి గ్రేట్ నికోబార్‌లోని ఐఎన్ఎస్ బాజ్ వరకు దాని స్థావరాలున్నాయి. వాటి గురించి మాట్లాడితే రన్‌వేలు, మలక్కా జలసంధి గుర్తొస్తాయి గానీ, నూనె సీసా ఎవరికీ గుర్తురాదు.

అసలు శత్రువు నీరు కాదు, ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు కూడా నీరు పీల్చి కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్ అయితే అంతకంటే చాలా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. అంటే వాన పడకపోయినా ఇనుము మీద పలుచని ఉప్పునీటి పొర సిద్ధంగా ఉంటుంది. దాని మీద నూనె రాస్తే ఉప్పును లోపల దాచిపెట్టినట్టే. కాబట్టి ముందు మంచినీటితో కడగాలి, పూర్తిగా ఆరబెట్టాలి, ఆ తర్వాతే నూనె. పాత రకం తూటాల కాలంలో కాల్పుల తర్వాత గొట్టంలో మరిగే నీళ్లు పోయడం వెనుక ఉన్నదీ ఇదే లెక్క. వాటి ప్రైమర్ వదిలే లవణం నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది.

ఇక ఏ నూనె? చాలామంది చెయ్యి ముందు డబ్ల్యూడీ-40 డబ్బా మీదికే పోతుంది. 1953లో అమెరికాలో పుట్టిన ఆ సరుకు పేరులోని మొదటి రెండక్షరాలకు అర్థం నీటిని తొలగించడం. ఆ పని బాగానే చేస్తుంది. కానీ మిగిలే పొర పలుచన, ఎక్కువ కాలం నిలవదు. తడిసిన రైఫిల్‌కు తొలి సాయంగా సరే, నెలల తరబడి కాపలాకు కాదు. మసిని వదిలించడం, కందెనగా ఉండడం, తుప్పును ఆపడం... మూడూ ఒకే సీసాలో చేసే సీఎల్‌పీ నూనెలు రోజువారీ వాడకానికి మేలు. వానకు కొట్టుకుపోయే జారుడు భాగాలకు కాస్త గ్రీజు అవసరం. అలాగని ఎక్కువ రాస్తే ఇసుకను పట్టుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. తూటాలకు మాత్రం నూనె తగలకూడదు. ప్రైమర్‌లోకి ఇంకితే పేలవలసిన సమయంలో పేలదు.

నిర్లక్ష్యం ఖరీదు వియత్నాంలో తెలిసింది. 1966-67లో ఎం-16 రైఫిళ్లు పోరు మధ్యలో మొరాయించాయి. మందుగుండు పొడి మార్చారు, గుండు గదికి క్రోమియం పూత లేదు, చాలామంది సైనికులకు శుభ్రం చేసే సామగ్రే అందలేదు. అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపాక పరిస్థితి చక్కబడింది. నేటి కలష్నికోవ్ తరహా రైఫిళ్ల గొట్టం లోపల ఆ పూత ఉంటుంది. స్ప్రింగులు, పిన్నులు, మ్యాగజైన్ల సంగతి వేరు.

కందెనకూ అండమాన్‌కూ పాత బంధుత్వం ఒకటుంది. ఎన్‌ఫీల్డ్ తూటాకు పూసింది ఏ కొవ్వోనన్న అనుమానమే 1857 తిరుగుబాటుకు నిప్పురవ్వ అయింది. మరుసటి ఏడాది మార్చి 10న 200 మంది ఖైదీలతో జె.పి. వాకర్ పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. నేటి శ్రీ విజయపురం అదే.

లడఖ్ చలిలో గడ్డకట్టకుండా ఉండాలంటే పలుచని నూనె కావాలి. క్యాంప్‌బెల్ బేలో నిలవాలంటే గట్టిగా అంటుకునే పొర కావాలి. తక్కువ ధరకు వచ్చిందని రెండింటికీ ఒకే డబ్బా కొంటే ఒకచోట తప్పక నష్టమే. కొనేవారు అడగాల్సింది ఉప్పు తుంపర పరీక్షలో అది ఎన్ని గంటలు నిలిచిందని. ఆ పరీక్షలో 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పునీటిని ఆపకుండా చల్లుతారు. దీవుల్లో అయితే తడి, ఎండ, మళ్లీ తడి. అందుకే ప్రయోగశాల అంకెతోపాటు, నూనె రాసిన నాలుగు ఉక్కు పలకలను ఒక వానాకాలం పాటు క్యాంప్‌బెల్ బే ఒడ్డున ఉంచి చూడవచ్చు. దానికయ్యే ఖర్చు ఒక రైఫిల్ ధరలో చిన్న వంతు కూడా కాదు.