రాణిగారి పతకం, దివాన్‌గారి అభ్యంతరం

హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లను ఖిల్వత్ దర్బారు హాలు ఓ పట్టాన కదలనివ్వదు. తలెత్తితే బెల్జియం షాండ్లియర్లు, ఎదురుగా నిజాములు కూర్చున్న పాలరాతి గద్దె. 1750 ప్రాంతంలో మొదలైన ఈ ప్యాలెస్ అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో (1857-69) పూర్తయింది. ఇక్కడి అఫ్జల్ మహల్‌ది ఆయన పేరే. ఇంగ్లండు రాణి ఆయనకిచ్చిన పతకం వెనక పెద్ద కథే నడిచింది.

ఈ వంశంతో మన ఏలూరుకూ పాత లెక్క ఉంది. 1766లో నిజాం అలీఖాన్ ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్న ఉత్తర సర్కారుల్లో ఏలూరు సర్కారు ఒకటి. ఆ తర్వాత వందేళ్లు నిండకుండానే, అదే వంశపు నిజాం మెడలో ఇంగ్లీషువాళ్లు పతకం వేశారు.

నగలో దాగిన కట్టుబాటు

1857 తిరుగుబాటులో హైదరాబాద్ దర్బారు ఇంగ్లీషువాళ్ల వైపే నిలిచింది. 1861 జూన్‌లో విక్టోరియా రాణి 'స్టార్ ఆఫ్ ఇండియా' అనే బిరుదు వర్గాన్ని స్థాపించి, తొలి జాబితాలోనే నిజాంను చేర్చింది. పతకం మధ్య ఓనిక్స్ రాతిలో చెక్కిన రాణి ముఖం. దాని చుట్టూ లేత నీలం మీనా పట్టీ మీద వజ్రాలతో పొదిగిన ఇంగ్లీషు అక్షరాలు: 'దైవకాంతే మాకు దారి' అని వాటి భావం. పైన అయిదు కోణాల నక్షత్రం. దాన్ని వేలాడదీసే బంగారు హారంలో తామరపూలు, తాటాకు రెమ్మలు, ఎరుపు తెలుపు గులాబీలు.

నగ ఇచ్చి విధేయతకు కట్టేసే ఈ పద్ధతి యూరప్‌లో పాతదే. 1430లో బర్గండీ ప్రభువు ఫిలిప్ 'గోల్డెన్ ఫ్లీస్' వర్గాన్ని పెట్టాడు. బంగారు గొర్రె చర్మం వేలాడే ఆ హారం వేసుకున్నవాడు ప్రభువుకు విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేయాలి. అతను చనిపోతే హారాన్ని వర్గానికి తిరిగి ఇచ్చేయాలి. అంటే నగ వేసుకున్నవాడిది కాదు, వేసినవాడిది.

సాలార్‌జంగ్ ఏమన్నారు?

నిజాంకు వచ్చిన ఈ పతకం విషయంలో అప్పటి దివాన్ మొదటి సాలార్‌జంగ్ ఊరుకోలేదు. ఆయన హైదరాబాద్‌లోని ఇంగ్లీషు ప్రతినిధి అయిన రెసిడెంటు ముందు సూటిగా అభ్యంతరాలు పెట్టారు. ఈ దేశపు రాజులు తాతముత్తాతల వేషం విడిచిపెట్టరు, పతకంతోపాటు వేసుకోవాల్సిన పరాయి అంగీ తొడిగితే జనం నవ్వుతారు అన్నారు. అది పట్టుదో మఖమలుదో అయితే మతం ఒప్పుకోదు. పతకంపై మనిషి బొమ్మ ఉంది, దాన్ని ఒంటిమీద ధరించడమూ నిషిద్ధమే. వైస్రాయి మాత్రం నిబంధనలు మార్చడం కుదరదన్నాడు. చివరికి నిజాం పతకం తీసుకోక తప్పలేదు.

ఆ దివాన్ పట్టుదలను మనం గౌరవించాలి. కాదనే బలం లేని రోజుల్లో కూడా, తన అభ్యంతరాలను ఆయన దాచకుండా చెప్పారు. చౌమహల్లాకు వెళ్తే (శుక్రవారం సెలవు) ఈ సంగతి పిల్లలకు చెప్పండి. సైనిక, విద్యా గౌరవాలు తప్ప ప్రభుత్వం ఎవరికీ బిరుదులివ్వకూడదనీ, విదేశీ రాజ్యాల బిరుదులను మన పౌరులు పుచ్చుకోకూడదనీ మన రాజ్యాంగంలోని 18వ అధికరణం శాసిస్తోందని కూడా చెప్పండి.