పీటర్ తంగరాజ్: గోలు కాసిన సెంటర్ ఫార్వర్డ్

భారత ఫుట్‌బాల్ చరిత్రలో మేటి గోల్‌కీపర్లలో ఒకరైన పీటర్ తంగరాజ్ 1935లో హైదరాబాద్ సంస్థానంలో పుట్టారు. కంటోన్మెంట్ ఉన్న సికింద్రాబాద్‌లో అప్పట్లో ఫుట్‌బాల్ జోరు మీద ఉండేది. పక్కనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రోజుల్లోనే తంగరాజ్ సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులకు ఆడారు.

తర్వాత సైన్యంలో చేరి, వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులోకి వెళ్లారు. చిత్రమేమిటంటే అక్కడ మొదట ఆయన సెంటర్ ఫార్వర్డ్. గోల్‌కీపర్‌గా మారింది ఆ తర్వాతే. గోల్ పోస్టుల మధ్య దూరం 7.32 మీటర్లు, అడ్డకర్ర ఎత్తు 2.44 మీటర్లు. అంత జాగాను ఒక్కడే కాయాలంటే పొడవాటి చేతులు అక్కరకొస్తాయి. ఎత్తరి అయిన తంగరాజ్‌కు ఆ లోటు లేదు. ఎదుటి ఫార్వర్డ్ ఎటు తన్నబోతాడో పసిగట్టడానికి పాత అలవాటు కూడా తోడ్పడి ఉంటుంది. 1955లో, మళ్లీ 1958లో ఆ రెజిమెంటల్ జట్టు డ్యూరాండ్ కప్ గెలిచింది. 1958లోనే ఆయనకు ఆసియా ఉత్తమ గోల్‌కీపర్ అన్న గుర్తింపు వచ్చింది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో, 1960 రోమ్ జట్టులో ఆయన ఉన్నారు. అయితే తంగరాజ్ పేరు చెప్పగానే గుర్తుకొచ్చేది 1962 జకార్తా ఆసియా క్రీడలే. రహీం శిక్షణలోని జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఫైనల్‌లో మళ్లీ ఆ జట్టే ఎదురైంది. అంతకు ముందు కొన్ని మ్యాచ్‌లకు ప్రద్యుత్ బర్మన్ గోలు కాసినా, ఫైనల్‌కు రహీం తంగరాజ్‌నే దించారు. గ్యాలరీల్లోని జనం భారత జట్టుకు వ్యతిరేకంగా హోరెత్తించారు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోలు కొట్టారు. తంగరాజ్‌ను దాటి ఒక్క బంతే లోపలికి వెళ్లింది. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. గోలు కొట్టినవారి పేర్లు అందరి నోళ్లలో నానాయి. కాసినవాడి పేరు అంతగా నానలేదు.

సైన్యం వదిలాక కోల్‌కతాలో మహమ్మడన్ స్పోర్టింగ్, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మూడింటికీ ఆడారు. పరస్పరం పడని ఆ అభిమాన వర్గాలు మూడూ ఆయనను తమవాడిగా చూడటం తేలిక విషయం కాదు. 1967లో అర్జున అవార్డు అందుకున్నారు. 1971లో ఆట మానేసి శిక్షకుడయ్యారు. బొకారో ఉక్కు నగరంలో స్థిరపడి, 2008 నవంబరులో అక్కడే కన్నుమూశారు.