అప్పు తీర్చే ఆట

ఖడ్గవీరులు ఏలే వీడియో గేముల లోకంలో త్రాసు చేపట్టిన ఒక బాలిక కథ

తండ్రి సాహసయాత్రకని వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన చేసిన అప్పు మాత్రం ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఒకనాటి ఉదయం ఋణదాతల పక్షాన టియర్ అనే బుల్లి దేవకన్య తలుపు తట్టి, మొత్తం 8,20,000 పిక్సులు చెల్లించవలసి ఉన్నదని రెసెట్ అనే బాలికకు తెలియజేస్తుంది. ఆ పిల్లకు మిగిలిన ఆస్తి ఇల్లొక్కటే. దానినే దుకాణంగా మార్చి ఐదు వారాలలో బాకీ తీర్చాలి. లేకుంటే ఇల్లు జప్తు అవుతుంది.

‘రెసెట్టియర్’ అనే వీడియో గేము ఈ విధంగా ఆరంభమవుతుంది. జపానులో ఈజీగేమ్‌స్టేషన్ అనే చిన్న ఔత్సాహిక బృందం 2007 డిసెంబరులో దీనిని వెలువరించింది. ఆడినవారు మెచ్చుకున్నా, దీని పేరు విననివారే నేటికీ ఎక్కువ.

రోల్ ప్లేయింగ్ గేము అంటే ఒక విధంగా మన పగటివేషం వంటిదే. ఆడేవాడు ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర కష్టసుఖాలను తనవిగా భావించి నడిపిస్తాడు. సాధారణంగా ఆ పాత్ర వీరునిది. అతడు రాక్షసులను వధించి, దొరికిన సొత్తును ఊరి కొట్టులో అమ్మి, కొత్త కత్తి కొనుక్కుని సాగిపోతాడు. ఆ కొట్టు యజమాని బాగోగులు ఎవరికి పట్టాయి? 1990లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ నాలుగవ భాగంలో టోర్నెకో అనే వర్తకుడు ఒక అధ్యాయానికి నాయకుడయ్యాడు. రెసెట్టియర్‌లో ఆట మొత్తం వర్తకునిదే.

కొట్టు, గుహ, కథ

ఇందులో మూడు రకాల ఆటలు పెనవేసుకున్నాయి. ఒకటి వ్యాపారం, రెండవది గుహలలో పోరాటం, మూడవది ఊరి మనుషుల కథ. రోజుకు నాలుగు భాగాలు. కొట్టు తెరిస్తే ఒక భాగం గడుస్తుంది. గుహకు వెళితే రెండు గడుస్తాయి. గుహలో సరుకు ఉచితంగా దొరుకుతుంది, కాని అక్కడ ఓడిపోతే సంపాదించినదానిలో చాలావరకు వదులుకుని రావాలి. రెసెట్ స్వయంగా పోరాడదు. సాహసికులను కూలికి కుదుర్చుకుంటుంది. వారే ఆమె ఖాతాదారులు కూడా. లూయీ అనే బీద ఖడ్గధారికి మంచి కత్తిని చౌకగా ఇస్తే, రేపు గుహలో అతని చేతిలో ఉండేది ఆ కత్తే.

ఆట అందమంతా బేరంలో ఉన్నది. చిన్నపిల్ల చేతిలో నాలుగు నాణేలే ఉంటాయి. ధనికుని కుమార్తె ఎక్కువ ధరకైనా వెనుదీయదు. అత్యాశకు పోతే వచ్చినవారు వట్టి చేతులతో వెళ్ళిపోతారు. న్యాయమైన ధర చెబితే మళ్ళీ వస్తారు, క్రమంగా వారి సంచీ కూడా బరువెక్కుతుంది.

వాయిదాల లెక్క

బాకీ వారానికొక వాయిదా. మొదట 10,000, తరువాత వరుసగా 30,000, 80,000, 2,00,000, చివరకు 5,00,000. ఉన్నదంతా సరుకులో పెడితే వాయిదానాటికి చేతిలో రొక్కం ఉండదు. రొక్కమంతా దాచుకుంటే అమ్మడానికి సరుకుండదు. వాయిదా కట్టిన మరునాటి పెట్టుబడికి కొంత మిగుల్చుకున్నవాడే నిలుస్తాడు. ఏ చిల్లర వర్తకుని భార్యనడిగినా ఈ సంకటం ఎంతటిదో చెబుతుంది.

ధర తెలియడం ఎంతటి బలమో మన ఇరుగుపొరుగు చరిత్రే సాక్ష్యం. నేడు ఎర్రబోరు మీదుగా కుంటకు జాతీయ రహదారి సాగుతున్న ఆ బస్తర్ సీమలో, ఒకప్పుడు గిరిజనులు అడవిలో ఏరిన విలువైన సారపప్పును సంతలో ఉప్పుకు మారకం వేసేవారు. పట్టణంలో ఆ పప్పు ఏ ధర పలుకుతుందో తెలిసినవాడు లాభపడ్డాడు. తెలియనివాడు ఉప్పుతో ఇంటికి వెళ్ళాడు. రెసెట్టియర్ బోధించే మొదటి పాఠం కూడా ధర తెలుసుకోవడమే. ఏ వస్తువు వెల పెరిగిందో, ఏది పడిపోయిందో ఊరి వార్తలు చెబుతుంటాయి. వినేవాడు ముందే నిల్వ చేసుకుంటాడు.

వాయిదా తప్పితే? ఇల్లు పోతుంది, రెసెట్ అట్టపెట్టెలో తలదాచుకుంటుంది. అయితే ఆట అక్కడితో ముగియదు. కాలం మొదటి రోజుకు మళ్ళుతుంది. నేర్చిన అనుభవం, కూడబెట్టిన సరుకు మాత్రం చేజారవు. నిజజీవితంలోని అప్పులవాడికి లేని వరం అదొక్కటే.

ఇద్దరు అనువాదకులు

జపాను ఔత్సాహికుల ఆటలు ఆనాడు ఆ దేశపు ఎల్లలు దాటడం అరుదు. ఆండ్రూ డైస్, రాబిన్ లైట్-విలియమ్స్ అనే ఇద్దరు కార్పే ఫుల్గుర్ పేరిట ఒక చిన్న సంస్థను నెలకొల్పి, దీనిని హాస్యం చెడకుండా ఆంగ్లీకరించారు. 2010 సెప్టెంబరు 10న విడుదలైన ఆ ప్రతి కొద్ది నెలలలోనే లక్షకు పైగా అమ్ముడుపోయింది. పెద్ద సంస్థల ఆటలతో పోలిస్తే అది స్వల్పమే. కాని చిన్నవారు తయారుచేసి, చిన్నవారు అనువదించిన ఆటకు కూడా విదేశాలలో గిరాకీ ఉన్నదని దానితో రుజువైంది. 2018లో స్పెయిన్‌కు చెందిన డిజిటల్ సన్ సంస్థ వెలువరించిన ‘మూన్‌లైటర్’లో సైతం పగలు కొట్టు, రాత్రి గుహ అనే కలయికే కనిపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. బొమ్మలు సాదావి, గుహలు కొంతసేపటికి ఒకే తీరుగా తోస్తాయి. అయినా ఈ ఆటలో ఒక నిజాయితీ ఉన్నది. ఇక్కడ గెలుపు శత్రువు తల తెగినప్పుడు రాదు. పద్దు సరిపోయినప్పుడు వస్తుంది. చివరి వాయిదా చెల్లిన పిమ్మట కూడా రెసెట్ కొట్టు మూయనక్కరలేదు. మరునాటి ఉదయం మళ్ళీ తలుపులు తెరవవచ్చు. ఈసారి అమ్మకం అప్పువాళ్ళ కోసం కాదు, తన కోసం.