బైకు బ్యాటరీ డౌన్ అయిందా? మార్చే ముందు ఇవి చూడండి

పాలక్యాను కట్టుకుని కేంద్రానికి బయల్దేరబోతే సెల్ఫ్ ‘టిక్ టిక్’ మంటుంది తప్ప ఇంజను తిరగదు. హారను మూలుగుతుంది. మెకానిక్కు చూపిస్తే ‘బ్యాటరీ పోయింది, కొత్తది వేయాలి’ అంటాడు. అంటే వెయ్యి రూపాయల పైమాటే, దాదాపు ఒక డీఏపీ బస్తా డబ్బు. అయితే డౌన్ అయిన ప్రతి బ్యాటరీ చచ్చినట్టు కాదు. కొన్నింటిని నీళ్లు, చార్జింగుతోనే బాగుచేసుకోవచ్చు. ఏది లేస్తుందో, ఏది లేవదో తెలిస్తే చాలు.

ముందుగా సీటు, పక్క డూము తీసి టెర్మినళ్లు చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉన్నా, నట్టు వదులైనా కరెంటు అందదు. ఫ్యూజు కూడా చూడాలి. పొడి ఉంటే నీళ్లలో వంట సోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, తుడిచి, ఆరాక వాజిలీన్ పూయాలి. సోడా నీళ్లు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు. చాలా బళ్ల జబ్బు ఇక్కడే కుదురుతుంది.

లోపల జరిగేదేమిటి?

సీసం పలకలు, పలుచని గంధకామ్లం కలిసి కరెంటు ఇస్తాయి. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతే ఇది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి, ఒక్కొక్కటి రెండు వోల్టుల పైచిలుకు. కరెంటు వాడేకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జి చేస్తే అది కరిగిపోతుంది. బండిని నెలల తరబడి చావడిలో వదిలేస్తే మాత్రం గట్టిపడి గచ్చు పట్టినట్టు అవుతుంది. అందుకే వారం పది రోజుల కిందట డౌన్ అయిన బ్యాటరీ లేచే అవకాశం ఎక్కువ. ఆరు నెలలు పడి ఉన్నదాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నీళ్లే పోయాలి, యాసిడ్ కాదు

పైన ఆరు మూతలు, పక్కన అప్పర్, లోయర్ గీతలు ఉంటే అది నీళ్లు పోసే రకం. ఎండాకాలం మట్టం త్వరగా దిగుతుంది. ఆవిరయ్యేది నీరే కానీ యాసిడ్ కాదు. కాబట్టి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కొందరు యాసిడ్ పోయిస్తారు. రెండు రోజులు బాగా పనిచేసినట్టే ఉంటుంది, తర్వాత పలకలు తినేస్తుంది. బోరు నీళ్లు, ఫిల్టరు నీళ్లు కూడా వద్దు, వాటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. ముందు పలకలు మునిగేంత పోసి, చార్జింగ్ పూర్తయ్యాక అప్పర్ గీత వరకు నింపండి. మనం పైరుకు చల్లే మెగ్నీషియం సల్ఫేట్ వేస్తే బ్యాటరీ లేస్తుందని చెప్పేవారున్నారు. దాన్ని నమ్ముకుని ఉన్న బ్యాటరీని చెడగొట్టుకోవద్దు. మూతలు లేని సీల్డ్ బ్యాటరీ అయితే విప్పే పని పెట్టుకోకండి.

చార్జింగ్ నిదానంగా

బ్యాటరీని బండి నుంచి తీసే చార్జి చేయాలి. తీసేటప్పుడు ముందు మైనస్ వైరు, బిగించేటప్పుడు ముందు ప్లస్ వైరు. లేదంటే పానా బండి బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ మీద రాసి ఉన్న ఆంపియర్ అవర్‌లో పదో వంతు కరెంటు పెట్టాలి. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియరు చొప్పున పది పన్నెండు గంటలు. కారు, ట్రాక్టరు బ్యాటరీల వరసలో కలిపి గంటలో ఎక్కించి ఇచ్చే షాపులుంటాయి. అలా ఎక్కించింది వేడెక్కి పలకలు వంకర పోతాయి. స్ప్రేయరు చార్జరు వాడదామనుకుంటే దాని మీద రాసిన ఆంపియర్లు చూడండి. చిన్న బ్యాటరీకి అది ఎక్కువ కావచ్చు.

చార్జింగులో హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గర బీడీ, చుట్ట వెలిగిస్తే బ్యాటరీ పేలి యాసిడ్ మొహాన పడుతుంది. గడ్డివాము దగ్గరా, మూసిన గదిలోనా పెట్టొద్దు. మూతలు తీసి, గాలాడే చోట, పిల్లలకు అందకుండా ఉంచాలి. యాసిడ్ ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీళ్లు పోస్తూ కడగాలి. కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా కడిగి ఆస్పత్రికి వెళ్లాలి.

చార్జి నిండే సమయానికి అన్ని గదుల్లోనూ బుడగలు రావాలి. అయిదింటిలో వచ్చి ఒక దాంట్లో రాకపోతే ఆ గది పోయినట్టే. చార్జింగ్ ఆపి నాలుగైదు గంటలాగి మల్టీమీటరు పెట్టండి. మోటారు మెకానిక్కు దగ్గర ఉంటుంది. 12.6 వోల్టుల దాకా చూపిస్తే మంచిదే. పదిన్నర దగ్గరే ఆగితే ఒక గది చచ్చిందని అర్థం, ఇక ఖర్చు పెట్టొద్దు. 12.6 చూపినా సెల్ఫ్ నొక్కగానే తొమ్మిదిన్నర కిందికి పడితే ఆశ తక్కువే.

మళ్లీ మళ్లీ డౌన్ అవుతుంటే

తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. బండి స్టార్ట్ చేసి కొంచెం రేజు ఇచ్చి కొలిస్తే పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర వోల్టులు రావాలి. పెరగకపోతే చార్జింగ్ కాయిల్ గానీ రెక్టిఫయర్ గానీ పోయింది. 15 దాటితే రెగ్యులేటర్ చెడి నీళ్లను ఉడికించేస్తోంది. దాన్ని బాగుచేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ పోతుంది. కంపెనీ ఇవ్వని ప్రెజర్ హారన్లు, ఫోకస్ లైట్లు బిగించినా ఇదే గతి.

2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 నిబంధనల తర్వాత చాలా బళ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. పెట్రోలు పంపు కూడా కరెంటుతోనే తిరగాలి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే తోసినా స్టార్ట్ కాకపోవచ్చు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైర్లు పీకితే కంప్యూటరు దెబ్బతింటుంది. దాని ఖర్చు ముందు బ్యాటరీ ఖర్చు ఎంత?

నిజంగా చచ్చిన బ్యాటరీని పాత ఇనుము వాళ్లకు వేయకండి, పెరట్లో పగలగొట్టకండి. సీసం పిల్లలకు విషం, యాసిడ్ పడిన చోట గడ్డి కూడా మొలవదు. కొత్తది కొనే షాపులోనే పాతది ఇచ్చి, ఎంత తగ్గిస్తారో ముందే అడగండి. బిల్లు, వారంటీ కార్డు మీద తేదీ వేయించుకోవడం మరవొద్దు.