చలికాలం.. ఇద్దరి కాలం!

ఖతార్ అనగానే మనకు గుర్తొచ్చేవి డ్యూటీ, ఎండ, ఇసుక. ఫ్యామిలీ వీసాపై ఇల్లాలిని తెచ్చుకున్నవాళ్లలోనూ చాలామందిది ఒకటే కథ. ఆయన పొద్దున్నే డ్యూటీకి, ఆమె నాలుగు గోడల మధ్య టీవీకి. ఊరొదిలి వచ్చింది కలిసి ఉందామనే కదా! మరి ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కటైనా ఉండొద్దూ?

అక్టోబర్ చివర్లో ఎండ తగ్గుతుంది. అక్కడి నుంచి మార్చి దాకా మన సీజనే. బాల్కనీలో నాలుగు కుండీలు చాలు. ఇక్కడి ఇసుకలో నీరు నిలవదు కాబట్టి కంపోస్టు కలపాల్సిందే. వంటింట్లోని మెంతులు, ధనియాలే విత్తనాలు. మెంతికూర నెల తిరిగేసరికి కూరకొస్తుంది.

శుక్రవారం పొద్దున్నే సైకిళ్లు తీద్దాం. దోహా నుంచి అల్ ఖోర్ వైపు 32.869 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. ఎక్కడా తెగని అతి పొడవైన సైకిల్ దారిగా 2020లో గిన్నిస్ రికార్డు కెక్కింది. మొత్తం తొక్కాలని రూలేం లేదు, కబుర్లు చెప్పుకుంటూ ఐదు కిలోమీటర్లు వెళ్లొచ్చినా చాలు.

ఇక నెలకోసారి గుడారం. పడమర జెక్రీత్ ఎడారిలో రిచర్డ్ సెర్రా 2014లో నిలబెట్టిన నాలుగు ఉక్కు పలకలు కిలోమీటరుకు పైగా వరసగా కనిపిస్తాయి. దక్షిణాన సీలైన్ తీరం ఉంది. రాత్రి ఉండాలంటే అనుమతి సంగతి ముందే కనుక్కోవాలి.

జీతం రూలు వల్ల భార్యను తెచ్చుకోలేని అన్నదమ్ములూ మనలో ఎందరో! మీరూ కిటికీ పక్కన డబ్బాలో మెంతులు చల్లండి. అదే రోజు ఊళ్లో ఆమెనూ చల్లమనండి. ఫోన్లో ‘పైసలందాయా?’ తర్వాత మాట ఆగిపోయే చోట, ‘నీ మెంతి ఎంతొచ్చింది?’ అని అడగొచ్చు.