కలివికోడి జాడేది?

బ్రహ్మంగారిమఠం: చలికాలంలో బ్రహ్మంసాగర్ నీటిపక్షులను చూడవచ్చిన వారు పొద్దుగూకగానే ఇంటిదారి పడతారు. లంకమల అడవిలోని కలివికోడిని చూడాలంటే మాత్రం ఆ వేళకే బయలుదేరాలి. పగలంతా పొదల్లో నక్కి, రాత్రిపూట పురుగుల కోసం తిరిగే పక్షి అది.

1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు బొమ్మలు చూపి పల్లెల్లో వాకబు చేయగా, 1986 జనవరిలో రెడ్డిపల్లె వద్ద ఒక వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. పాపం, అది కొద్ది రోజులకే చనిపోయింది! శాస్త్రజ్ఞులకు 86 ఏళ్లు దొరకనిది పల్లెవాసికి తెలిసిన పిట్టే. దానికోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్లించారు.

పొదలు నరికేస్తే దానికి నీడ ఉండదు. మరీ దట్టంగా అల్లుకున్నా పరుగెత్తే చోటుండదు. పశువులు కొంత మేసి, నడుమ ఖాళీ నేల మిగిలిన చిట్టడవే దానికి ఇల్లు.